ఏడు వచనాలు, ఎన్నో వేదికలు

మార్కు సువార్త నాలుగో అధ్యాయం, 35వ వచనం నుంచి 41 దాకా తీసి చూడండి. సాయంకాలమైంది. అద్దరికి, అంటే అవతలి ఒడ్డుకి, వెళదామని యేసు అంటాడు. పడవ నీళ్ల మధ్య ఉండగా తుఫాను రేగుతుంది, అలలు పడవలోకి కొడతాయి. ఆయన వెనక భాగాన తలగడ మీద నిద్రపోతుంటాడు. శిష్యులు లేపుతారు. ఆయన గాలిని గద్దిస్తాడు, సముద్రం ఊరుకుంటుంది. నిదానంగా బయటికి చదివినా రెండు నిమిషాలు పట్టదు.

ఇదే భాగం మీద ఒక చోట ఎనిమిది నిమిషాలు మాట్లాడతారు, ఇంకో చోట నలభై అయిదు, మరో చోట గంట దాటుతుంది. ఒక సంఘంలో అభిషేకం పొందిన గురువో డీకనో (గురువు కింది మెట్టు సేవకుడు) తప్ప వేరొకరు చెప్పకూడదు. మరో సంఘంలో వారమంతా వేరే ఉద్యోగం చేసుకునే సభ్యుడు ఆదివారం లేచి వాక్యం చెబుతాడు. ఎవరి అలవాటు వాళ్లదని సరిపెట్టుకోవచ్చు గాని, దీని వెనక ఒక ప్రశ్న ఉంది: ప్రసంగం జరుగుతున్నప్పుడు అక్కడ అసలు ఏం జరుగుతోంది? ఒక్కో సంఘం దానికిచ్చే జవాబును బట్టే నిడివి, వేదిక ఉండే చోటు, ఎవరు చెప్పాలి, ఎలా తయారవ్వాలి అన్నవన్నీ తేలుతాయి. ముందు ఆ జవాబులు చూసి, తరవాత తయారీలోకి వెళదాం. రెండింటికీ ఈ ఏడు వచనాలే చేతిలో ఉంచుకుందాం.

కొత్త నిబంధన గ్రీకులో ప్రసంగానికి ఒక్కటే మాట లేదు. 'కేరుస్సో' అంటే చాటింపు వేయడం. చాటింపు వేసేవాడు రాజు చెప్పమన్నది చెబుతాడు, తన మాట కలపడు, బేరమాడడు. 'దిదాస్కో' అంటే బోధించడం. 'యువాంగెలిజో' అంటే మంచి కబురు అందించడం. 'హోమిలెయో' అంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు జరిగినవాటి గురించి చెప్పుకుంటూ నడిచారన్న చోట లూకా వాడింది ఈ మాటే. పూజలో చెప్పే ప్రసంగానికి కథోలికులు ఇప్పటికీ వాడే 'హోమిలీ' అన్న పేరు దీని నుంచే వచ్చింది. చాటింపు ఒక కొస, కలిసి మాట్లాడుకోవడం ఇంకో కొస. ప్రతి సంఘమూ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒక చోట నిలబడింది. (పాత నిబంధనలో మనం 'ప్రసంగి' అని పిలుచుకునే గ్రంథానికి హెబ్రీ పేరు కోహెలెత్, అంటే సభను సమకూర్చేవాడు. మాట్లాడటానికి ముందు మనుషుల్ని ఒక చోటికి చేర్చడం ఆ పేరులోనే ఉంది.)

ముందు చదవడం, తరవాత వివరించడం అన్న వరస మాత్రం చాలా పాతది. నెహెమ్యా ఎనిమిదో అధ్యాయంలో ధర్మశాస్త్ర పండితుడు ఎజ్రా ఆ పని కోసమే చేసిన కర్ర పీఠం మీద నిలబడి, తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదువుతాడు. దేవాలయ సేవ చేసే లేవీయులు జనానికి అర్థం చెబుతారు. నజరేతు సమాజమందిరంలో యేసు నిలబడి చదివాడు, కూర్చుని బోధించాడు. క్రీస్తు శకం 155 ప్రాంతంలో జస్టిన్ అనే హతసాక్షి రాసిన వివరణలో, సమయం ఉన్నంతవరకూ అపొస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల రాతలో చదువుతారనీ, ఆపైన సభను నడిపించేవాడు ఆ మంచివాటిని అనుసరించమని హెచ్చరిస్తాడనీ, తరవాత అందరూ లేచి ప్రార్థిస్తారనీ, ఆ తరవాత రొట్టె, ద్రాక్షారసం తెస్తారనీ ఉంది. ఇవాళ్టి ఆదివారపు ఆరాధన క్రమం చాలా మటుకు అందులోనే కనబడుతుంది.

కథోలిక సంఘంలో హోమిలీ పూజలో భాగం. 1963లో రెండో వాటికన్ మహాసభ ఆరాధన మీద ఇచ్చిన శాసనం దాన్ని ఆరాధనలోనే ఒక అంగమని చెప్పి, జనం హాజరయ్యే ఆదివారాల్లో, నియమిత పండుగల్లో గట్టి కారణం లేకుండా మానకూడదంది. పఠనాలు, హోమిలీ, దివ్యసత్ప్రసాదం (రొట్టె, ద్రాక్షారసాల సంస్కారం) ఒకే ధారగా సాగాలి. అందుకే నిడివి తక్కువ. ఎనిమిది నిమిషాలు దాటవద్దని పోప్ ఫ్రాన్సిస్ 2024లో గురువులకు చెప్పాడు. ఎనిమిది నిమిషాలంటే తేలికని ఎవరైనా అనుకుంటే పొరపాటే. అందులో ఒక్క విషయానికే చోటుంటుంది. రెండోది మొదలుపెడితే రెండూ నలుగుతాయి.

ఏ ఆదివారం ఏం చదవాలన్నది కూడా కథోలిక గురువు ఎంచుకోడు. మూడేళ్ల పఠన చక్రం ఉంది: మొదటి ఏడు మత్తయి, రెండో ఏడు మార్కు, మూడో ఏడు లూకా. యోహాను పండుగ కాలాల్లోనూ, మార్కు ఏటి మధ్యలో కొన్ని వారాలూ వస్తుంది. మన ఏడు వచనాలు రెండో ఏట, సామాన్య కాలం (పెద్ద పండుగ కాలాలు కాని వారాలు) పన్నెండో ఆదివారం వస్తాయి. వాటికి జోడీగా యోబు 38వ అధ్యాయం నుంచి కొన్ని వచనాలు చదువుతారు: సముద్రానికి తలుపులు పెట్టి, ఇంతవరకే, ఇక దాటవద్దు అన్నది నేనేనని దేవుడు చెప్పే చోటు. కీర్తన 107. ఈ మూడూ పక్కపక్కన పెట్టినవాళ్లు ప్రసంగం సగం చేసేశారు. సముద్రానికి హద్దు పెట్టే అధికారం ఎవరిదో యోబు గ్రంథం చెప్పింది. పడవలో ఆ పని చేసింది ఎవరో మార్కు చూపించాడు. 1992లో వచ్చిన సవరించిన ఉమ్మడి పఠన పట్టిక వాడే ఆంగ్లికన్, మెథడిస్టు, లూథరన్ సంఘాల్లోనూ ఈ భాగం దాదాపు అదే కాలంలో వస్తుంది.

లూథరన్లకు ప్రసంగమే విశ్వాసం పుట్టే చోటు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన, సువార్త శుద్ధంగా బోధించి, సంస్కారాలు (బాప్తిస్మం, ప్రభు భోజనం) సరిగ్గా ఇచ్చే చోటే సంఘం ఉంటుందంటుంది. పద్ధతిగా పిలుపు పొందకుండా ఎవరూ బహిరంగంగా బోధించకూడదని కూడా అదే చెబుతుంది. వాళ్ల ప్రసంగానికి వెన్నెముక ధర్మశాస్త్రం, సువార్త అన్న విభజన. వాక్యం ఎక్కడ మనిషిని పట్టి నిలదీస్తోంది, ఎక్కడ క్రీస్తును చేతికిస్తోంది అని వెతుకుతారు. ఈ కన్నుతో మార్కు భాగం చూస్తే ఒక సంగతి దొరుకుతుంది. మార్కులో యేసు ముందు తుఫానును ఆపి, తరవాత 'మీకింకా నమ్మిక లేదా' అని అడుగుతాడు. మత్తయిలో వరస తిరగబడింది: ముందు శిష్యుల్ని మందలిస్తాడు, ఆపైన లేచి గాలిని గద్దిస్తాడు. మార్కు మీద చెబుతూ మత్తయి వరస కలిపేస్తే, నమ్మిక కుదరకముందే రక్షణ వచ్చిందన్న మార్కు మాట చేజారిపోతుంది. ఈ పద్ధతిని యాంత్రికంగా వాడి, సగం ప్రసంగం తిట్లు, సగం ఓదార్పు అన్నట్టు చేసేవాళ్లూ ఉన్నారు. వాక్యభాగంలో ఆ రెండూ ఎంతెంత ఉన్నాయో ప్రసంగంలోనూ అంతే ఉండాలి.

సంస్కర్తలు జ్వింగ్లీ, కాల్విన్ల బాటలో నడిచిన సంస్కరణ సంఘాలు ఇంకో అడుగు వేశాయి. 1566 నాటి స్విస్ సంఘాల రెండో హెల్వెటిక్ విశ్వాస ప్రకటనలో, దేవుని వాక్య ప్రకటన దేవుని వాక్యమే అన్న శీర్షిక ఉంది. అంత బరువైన మాట అన్నాక బైబిలును ముక్కలుగా ఏరుకోవడం కుదరదు. 1519 జనవరి 1న జ్యూరిచ్‌లో జ్వింగ్లీ నియమిత పఠనాలు పక్కన పెట్టి మత్తయి మొదటి అధ్యాయం మొదటి వచనం నుంచి వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. కాల్విన్‌ను జెనీవా నగరం 1538లో వెళ్లగొట్టింది. 1541లో తిరిగొచ్చి ప్రసంగ వేదిక ఎక్కినప్పుడు, తాను ఆపిన చోటు నుంచే మళ్లీ అందుకున్నాడు. జరిగిన అవమానం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. వరస ప్రసంగం బోధకుణ్ని తన కోపం నుంచి కాపాడే తీరు అది. ఇష్టమైన అంశాల చుట్టూ తిరగనివ్వదు, కష్టమైన భాగాల్ని దాటెయ్యనివ్వదు.

దానికి మూల్యమూ ఉంది. మార్కులో 678 వచనాలు. వారానికి పదేసి తీసుకుంటే 68 వారాలు. మధ్యలో వచ్చి చేరినవాళ్లకి తాము కథలో ఎక్కడున్నామో తెలియదు. అందుకని వరసగా చెప్పేవాళ్లు ప్రతివారం మొదట్లో రెండు మూడు వాక్యాల్లో దారి చూపించాలి, అయిదారు వారాలకోసారి చిన్న మలుపు తిప్పాలి. చాలా బాప్టిస్టు, సంస్కరణ సంఘాల్లో ముప్ఫై నుంచి నలభై అయిదు నిమిషాలు పట్టడానికి కారణం ఇదే: వచనం వెంట వచనం విప్పుకుంటూ పోవాలి.

ఇంగ్లండులో ఆంగ్లికన్లు 1547లో వేరే సమస్య ఎదుర్కొన్నారు. చాలామంది గురువులకు ప్రసంగించే చదువు లేదు, అనుమతీ లేదు. పన్నెండు ప్రసంగాలు అచ్చువేసి అవే చదవమన్నారు. ఇతరులు రాసింది చదవడం చిన్నతనమని ఇవాళ అనిపిస్తుంది గాని, ఆర్థడాక్సు సంఘాలు ఈస్టరు రాత్రి నాలుగో శతాబ్దపు బోధకుడు క్రిసోస్తొము పేరున ఉన్న చిన్న ప్రసంగాన్ని ఏటేటా అదే పాఠంగా చదువుతాయి. అది విని జనం విసుగెత్తరు, ఎదురుచూస్తారు. మెథడిస్టుల్లో స్థానిక ప్రసంగీకులున్నారు: గురువులు కారు, పరీక్షించి అనుమతి పొందిన సామాన్య సభ్యులు. ఏ ఆదివారం ఎవరు ఏ గుడిలో చెప్పాలో మూణ్ణెల్లకోసారి పట్టిక వేస్తారు. క్వేకర్ల మౌన కూటాల్లో తయారైన ప్రసంగమే ఉండదు, ప్రేరణ కలిగినవారు లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటారు.

పెంతెకొస్తు సంఘాల్లో వర్తమానం, అంటే ప్రసంగం, అయిపోయిందంటే ఆరాధన అయిపోయినట్టు కాదు. వాక్యం విన్నవాళ్లు లేచి రావాలి, ప్రార్థన జరగాలి, ఆత్మ పని కనబడాలి. అందుకే చివరి పావుగంట ముందరి ముప్పావుగంట కన్నా ముఖ్యమవుతుంది, కాగితం కన్నా ఆ ఘడియలో కలిగే నడిపింపుకు విలువ ఎక్కువ. అమెరికా నల్లజాతి సంఘాల్లో జనం మధ్యమధ్య పలికే 'ఆమెన్' కూడా ప్రసంగంలో భాగమే. బోధకుడు నెమ్మదిగా మొదలుపెట్టి, జనం అందుకున్నకొద్దీ మెట్టు మెట్టుగా పైకి తీసుకెళ్లి, చివరికి పాటలాంటి స్థాయికి చేరుస్తాడు. హోమిలీ అంటే కలిసి మాట్లాడుకోవడమన్న పాత అర్థం ఇంత స్పష్టంగా మరెక్కడా వినబడదని నా నమ్మకం. ప్రమాదం ఎక్కడంటే, జనం స్పందన బాగుందంటే వాక్యం సరిగ్గా చెప్పినట్టేనని అనుకోవడం. స్పందన గొంతుకూ వస్తుంది, లయకూ వస్తుంది.

ఇక తయారీ. సంఘం ఏదైనా ఇక్కడ పని ఒకటే, తప్పులూ ఒకటే.

మొదటి పని చదవడం. వ్యాఖ్యాన గ్రంథాలు మూసి ఉంచి, ఏడు వచనాలూ వారం మొదట్లోనే పదిసార్లు బయటికి చదవాలి, కనీసం రెండు అనువాదాల్లో. కంటితో చదివినప్పుడు జారిపోయేవి నోటితో చదివితే అడ్డం పడతాయి. ఉదాహరణకి 36వ వచనంలో 'ఇతర దోనెలు కూడా ఆయన వెంట ఉన్నాయి' అని మార్కు అంటాడు, మళ్లీ వాటి ఊసెత్తడు. తలగడ గురించి చెప్పింది కూడా మార్కు ఒక్కడే. ఇలాంటివి రాసి పెట్టుకోవాలి. అన్నీ ప్రసంగంలోకి రానక్కర్లేదు.

తరవాత భాగానికి హద్దులు సరిచూసుకోవాలి. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోంది? ముందు విత్తనాల ఉపమానాలున్నాయి, తరవాత అయిదో అధ్యాయంలో సమాధుల మధ్య ఉన్న మనిషి. అంటే రోజంతా ఆయన మాటలు విన్న శిష్యులకి సాయంత్రం ఆయనెవరో తెలియలేదని తేలింది. అద్దరి చేరగానే, 'ఈయన ఎవరు' అని శిష్యులు అడిగిన ప్రశ్నకి జవాబు అపవిత్రాత్మ పట్టినవాడి నోటి నుంచి వస్తుంది: సర్వోన్నతుడైన దేవుని కుమారుడు. ఈ వరస గమనించకపోతే తుఫాను కథ ఒంటరిగా మిగిలిపోతుంది.

ఇప్పుడు మాటలు. గ్రీకులో ఈ భాగంలో ఒక విశేషణం మూడుసార్లు వస్తుంది, మనం రోజూ వాడే 'మెగా' అదే. మెగా తుఫాను, మెగా నిమ్మళం, మెగా భయం. తెలుగు పాత అనువాదంలో ఒక చోట 'పెద్ద', ఇంకో చోట 'మిక్కిలి' అని రావడంతో ఈ మూడింటి బంధం చెవికి అందదు. వరస చూడండి: తుఫాను ఆగాక భయం తగ్గాలి కదా, పెరిగింది. 40వ వచనంలో యేసు అడిగిన భయానికి వాడిన గ్రీకు మాట పిరికితనం. 41లో శిష్యులకు పట్టింది వేరే భయం, దేవుడి ఎదుట నిలబడ్డవాళ్ల భయం. యోనా మొదటి అధ్యాయం పక్కన పెట్టండి. అక్కడా పెద్ద గాలి, ఓడలో నిద్రపోయే మనిషి, వచ్చి లేపే నాయకుడు, సముద్రం ఆగాక నావికులకు యెహోవా అంటే మహా భయం. తేడా ఒక్కటే. యోనాను నీళ్లలో పడేస్తే సముద్రం ఆగింది. ఇక్కడ నిద్రపోతున్నవాడు లేచి మాటతో ఆపాడు.

సముద్రంతో ఆయన 'ఊరకుండు' అన్న చోట గ్రీకు క్రియకి నోరు కట్టేయడమని అర్థం. మొదటి అధ్యాయం 25వ వచనంలో అపవిత్రాత్మతో అన్నదీ అదే క్రియ. ఇంతవరకూ చూసుకున్నాక వ్యాఖ్యాన గ్రంథాలు తెరవాలి. ముందే తెరిస్తే వాళ్ల ప్రశ్నలే మన ప్రశ్నలవుతాయి, ఆదివారం మన నోట వాళ్ల పేజీలే పలుకుతాయి.

నాలుగో రోజుకల్లా ఒక్క వాక్యం తేలాలి. ఒకే వాక్యం, ఇరవై మాటలు మించకుండా, భాగం ఏం చెబుతోందో రాయాలి. 'విశ్వాసం' అని రాస్తే అది అంశం, వాక్యం కాదు. ఈ భాగానికి నేనైతే ఇలా రాస్తాను: 'సముద్రాన్ని లోబరచుకునే దేవుడే ఈ పడవలో ఉన్నాడు, తుఫాను ఎంతన్న దానికన్నా ఆయన ఎవరన్నదే పెద్ద ప్రశ్న.' ఈ వాక్యం కుదరలేదంటే ఇంకా చదవాలని అర్థం. కుదిరాక ప్రసంగంలోకి వచ్చే ప్రతి ఉదాహరణనూ, ప్రతి వివరాన్నీ దాని ఎదుట నిలబెట్టాలి. సంబంధం లేనిది ఎంత బాగున్నా తీసెయ్యాలి.

ఎక్కువ ప్రసంగాలు చెడేది సరిగ్గా ఇక్కడే. వాక్యభాగం 'ఈయన ఎవరు' అని అడుగుతుంటే, ప్రసంగం 'నా తుఫాను ఎప్పుడు ఆగుతుంది' అన్న ప్రశ్నకి జవాబు చెప్పడం మొదలుపెడుతుంది. అప్పు తుఫాను, జబ్బు తుఫాను, కుటుంబ తుఫాను. యేసును లేపండి, అన్నీ ఆగిపోతాయి. వినడానికి ఆదరణగా ఉంటుంది. అయితే అపొస్తలుల కార్యాలు 27లో పౌలు ఎక్కిన ఓడ సంగతేమిటి? ఆ తుఫాను ఎవరూ ఆపలేదు. ఓడ ముక్కలైంది. 276 మంది ఈదుకుంటూ, పలకల మీద తేలుతూ గట్టెక్కారు. ఓడ పగిలి నేను ముమ్మారు శ్రమపడ్డానని పౌలే కొరింథీయులకు రాశాడు. ఆయన విశ్వాసం తక్కువా? ప్రతి తుఫానూ ఆగుతుందని వేదిక మీద మాటిచ్చిన బోధకుడికి, ఆగని తుఫానులో ఉన్న విశ్వాసి ముఖం చూడాల్సిన రోజు వస్తుంది. ఆ విశ్వాసి తప్పు తన విశ్వాసంలోనే ఉందనుకుని ఇంటికెళతాడు. ఇది చిన్న నష్టం కాదు.

అలాగని అన్వయం వద్దని కాదు. తొలి శతాబ్దాల సంఘ బోధకుడు అగస్టీను ఇదే కథ మీద చెబుతూ, నిన్నెవరో దూషించారు, అది గాలి. నీకు కోపమొచ్చింది, అది అల. క్రీస్తు నీలో నిద్రపోతున్నాడు, ఆయన్ని లేపు అన్నాడు. పదహారు వందల ఏళ్లు దాటినా అది మనసుకు తగులుతుంది, ఎందుకంటే తుఫానును బయటి కష్టంగా కాక, ఆయన్ని మరిచిపోయిన మనసుగా చూశాడు. అన్వయం ఎవరికి అన్నది ముందే రాసుకోవాలి. ఎదుట కూర్చునేవాళ్లలో నలుగురిని మనసులో పెట్టుకోండి: ఈ మధ్యే ఒకరిని పోగొట్టుకున్నవారు, ఏ కష్టమూ లేనివారు, నమ్మకం లేకుండా ఇంట్లోవాళ్ల కోసం వచ్చినవారు, పదిహేనేళ్ల పిల్లవాడు. ఒక్కొక్కరికి ఈ భాగం నుంచి ఒక్క మాట రాయండి. నాలుగూ చెప్పనక్కర్లేదు, రెండు చెప్పినా చాలు. కష్టంలేనివారికి ఏమీ దొరకలేదంటే ప్రసంగం ఇంకా 'తుఫాను' చుట్టూనే తిరుగుతోందని తెలిసిపోతుంది.

ఇంకొన్ని తప్పులు త్వరగా చెబుతాను. శిష్యుల్ని పిరికిపందలని వెక్కిరించడం: వాళ్లలో నలుగురైనా అదే సరస్సు మీద బతికిన జాలరులు, వాళ్లే భయపడ్డారంటే తుఫాను అంత పెద్దది. విశ్వాసం ఉంటే తుఫాను రాదనడం: అద్దరికి వెళదామన్న ఆయన మాట విని బయల్దేరినందుకే వాళ్లు అందులో పడ్డారు. సమాచారం గుమ్మరించడం: గలిలయ సముద్రం సముద్రమట్టానికి రెండు వందల మీటర్లకు పైగా కింద ఉంది, చుట్టూ కొండలు, గాలి ఉన్నట్టుండి దిగుతుంది, 1986లో ఆ ఒడ్డు బురదలో మొదటి శతాబ్దపు పడవ దొరికింది, ఎనిమిది మీటర్ల పైచిలుకు పొడవు, రెండున్నర మీటర్లలోపు వెడల్పు. ఇవన్నీ నిజాలే, ఆసక్తికరమే. అర నిమిషం చాలు. అయిదు నిమిషాలిస్తే జనం పడవను ఇంటికి తీసుకెళతారు, అందులో ఉన్నవాణ్ని కాదు.

ప్రాస కోసం పాకులాడటం ఇంకొకటి. 'తుఫాను, తలగడ, తీరం' అని మూడు పాయింట్లు రాసుకున్నామనుకోండి. గుర్తుంటాయి, నిజమే. కాని తీరం చేరడం ఈ ఏడు వచనాల్లో లేదు, అయిదో అధ్యాయం మొదట్లో ఉంది. మూడో పాయింటు ప్రాస కోసం వచ్చింది, దాని కోసం అసలు ముగింపైన భయం పోయింది. వాక్యభాగమే 'పెద్ద తుఫాను, పెద్ద నిమ్మళం, పెద్ద భయం' అని మూడు మెట్లు కట్టి ఇస్తుంటే వేరేవి వెతుక్కోవడం దేనికి?

పాతిక నిమిషాల ప్రసంగానికి కాలం ఇలా పంచుకోవచ్చు: ప్రవేశం రెండు నిమిషాలు, తుఫాను అయిదు, నిమ్మళం ఆరు, భయమూ ప్రశ్నా ఏడు, అన్వయం చివర మూడు, ముగింపు రెండు. అన్వయం చివరే కాక మధ్యలోనూ రావాలి. ఎనిమిది నిమిషాల హోమిలీ అయితే మూడో మెట్టు ఒక్కటే తీసుకుని, యోబు పఠనాన్ని దానికి ఆనించండి. తుఫాను వర్ణన వదిలెయ్యండి. ఇప్పుడే చదివారు, జనం విన్నారు. మీ వేగం ఎంతో తెలియాలంటే రాసిన ఒక పేజీ బయటికి చదివి గడియారం చూసుకోవడమే దారి, వేరొకరి లెక్క పనికిరాదు. వేదిక మీద మధ్యమధ్య ఆగడం కలుస్తుంది కనక ఇంట్లో ఇరవై రెండు నిమిషాలు వచ్చింది అక్కడ పాతిక అవుతుంది.

పూర్తిగా రాసుకోవాలా, నోట్సు చాలా? మొదటి కొన్నేళ్లు పూర్తిగా రాయడం మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. చదివి వినిపించడానికి కాదు. రాస్తేనే ఎక్కడ ఆలోచన తెగిందో బయటపడుతుంది. కాగితం ఒకవైపే, పెద్ద అక్షరాల్లో, పేజీ కింద మూడోవంతు ఖాళీ వదిలి రాసుకుంటే కళ్లు మరీ కిందికి దిగవు, ముఖం జనానికి కనబడుతుంది. ఏ వాక్యమూ రెండు పేజీల మీద విరగకూడదు. పేజీలకు అంకెలు వేయాలి, పిన్ను కొట్టకూడదు, ఒకటి పక్కకు జరిపితే తరవాతది కనబడాలి.

తెలుగులో చెప్పేవాళ్లకి భాష దగ్గర ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. బైబిలు పాత అనువాదం చదివి చదివి, వేదిక ఎక్కగానే 'దేవుడు మనలను ప్రేమించియున్నాడు, గనుక మనము ఆయన నిమిత్తము' అన్న ధోరణి వచ్చేస్తుంది. వాక్యం చదివేటప్పుడు ఆ భాష గంభీరంగా ఉంటుంది. వివరించేటప్పుడు కూడా అదే భాష అయితే ఇక వివరించినట్టు ఎలా? 'దోనె అమరమున' అని చదివాక, పడవ వెనక భాగంలో అని చెప్పాలి. 'గద్దించి' అంటే గట్టిగా మందలించి అని పిల్లలకు తెలియాలి. తర్జుమాతో చెబుతున్నప్పుడు ఇంకో చిక్కు: తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, అది వినపడేదాకా చాలా భాషల్లోకి తర్జుమా చేసేవారు నోరు తెరవలేరు. ఏడెనిమిది మాటల వాక్యాలు చెప్పి ఆగాలి. సగం వాక్యం దగ్గర ఆగితే తర్జుమాదారు ఊహించి చెబుతాడు, ఊహ తప్పుతుంది. ముప్ఫై నిమిషాలిచ్చారంటే మీ మాటలకి పదిహేనే ఉన్నాయని లెక్కేసుకుని రాసుకోవాలి.

ఉదాహరణల విషయంలో ఒకే ఒక్క కట్టుబాటు చెబుతాను. మీతో ఏకాంతంగా చెప్పుకున్న సంగతి పేరు మార్చినా, ఊరు మార్చినా వేదిక మీదికి రాకూడదు. తన కథ గుర్తుపట్టినవారు మళ్లీ ఎవరి దగ్గరా నోరు విప్పరు. ఆ రోజు గుర్తుపట్టనివారు కూడా, రేపు తమ కథా ఇలాగే వస్తుందని అర్థం చేసుకుంటారు.

వాక్యపఠనాన్ని కూడా తయారీలో కలుపుకోవాలి. చదివేవారికి రెండు రోజుల ముందే భాగం ఇచ్చి, ఒకసారి బయటికి చదివించుకోండి. ఈ భాగంలో ఆగాల్సిన చోట్లు రెండు: సముద్రం నిమ్మళించాక ఒకటి, శిష్యుల ప్రశ్నకి ముందు ఒకటి. ప్రశ్నను ప్రశ్నలా పలకాలి. చాలామంది చివరి వచనం దగ్గరికి రాగానే గొంతు దించి పుస్తకం మూసేస్తారు, భాగం మొత్తం ఎక్కడికి నడిచిందో ఆ చోటే వినబడకుండా పోతుంది.

ముగింపు రాయకుండా వేదిక ఎక్కవద్దు. మూడు సార్లు 'చివరిగా' అనేవాళ్లు ముగింపు రాసుకోనివాళ్లే. దిగడానికి చోటు కనబడక చుట్టూ తిరుగుతుంటారు. చివరి రెండు వాక్యాలు కంఠతా ఉండాలి. ప్రసంగం అయ్యాక చేసే ప్రార్థనలో పాయింట్లన్నీ దేవుడికి మళ్లీ వినిపించకండి. ఈ ఏడు వచనాలకైతే ముగింపు మార్కే రాసిపెట్టాడు. ఆయన భాగాన్ని జవాబుతో ముగించలేదు. శిష్యులు ఒకరితో ఒకరు అనుకున్న ప్రశ్నను వాళ్ల మాటల్లోనే చదివి, అయిదు సెకన్లు ఏమీ మాట్లాడకుండా నిలబడి, కూర్చోండి.